పగడం కొనకుండా పగడపు దిబ్బ

ఒడిశా బరంపురంలో మా ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం ఉందని తెలిసి వచ్చినవాళ్ళు ముందు చేపల పేర్లు అడగరు. "పగడాలు ఎక్కడ కొన్నారు?" అని అడుగుతారు. ఎక్కడా కొనలేదు. తొట్టెలో కనిపించే గుట్ట, గుహలు, ముందుకు పొడుచుకొచ్చిన బండలు అన్నీ సిమెంటు, చిప్పల గ్రిట్ (నలగ్గొట్టిన చిప్పల ముక్కలు), కల్లుప్పు కలిపి మా పెరట్లో పోసినవే. ఆ మాట చెప్పగానే చాలామంది ముఖంలో చిన్న నిరుత్సాహం కనిపిస్తుంది. "ఓహో, డూప్లికేటా" అంటారు. ఆ మాట తప్పని నా గట్టి నమ్మకం. ఎందుకు తప్పో వివరంగా చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు చట్టం సంగతి. దిబ్బలు కట్టే గట్టి పగడాలన్నిటినీ, నల్ల పగడాలనీ, విసనకర్రలా విచ్చుకునే గోర్గోనియన్లనీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) మొదటి షెడ్యూల్లో చేర్చారు. పులి ఉన్న షెడ్యూలే అది. పట్టుబడితే మూడేళ్ళకు తగ్గని జైలుశిక్ష, పైన జరిమానా. "బతికున్నది కాదు కదా, ఎండిపోయిన ముక్కే కదా" అనేది దుకాణాల్లో తరచుగా వినే మాట. ఒక పెద్ద ఊరి అక్వేరియం షాపులో నాకూ అదే చెప్పి, పేపర్లో చుట్టిన తెల్లటి కొమ్మ పగడం ఒకటి చేతిలో పెట్టబోయారు. ఎండిన ముక్కకీ చట్టం వర్తిస్తుంది. వర్తించకపోయినా నేను కొనేవాణ్ణి కాను.

ఎందుకో చెప్తాను. పగడం పెరిగే వేగం తెలిస్తే ఆ ముక్కని చేత్తో ముట్టుకోబుద్ధి కాదు. గుండ్రటి బండలా పెరిగే పోరైటిస్ జాతి పగడం ఏడాదికి సుమారు ఒక్క సెంటీమీటరు పెరుగుతుంది. అంటే పన్నెండు సెంటీమీటర్ల ఎత్తున్న ముక్క వెనక పుష్కరకాలం ఉంది. షాపులో దాని ధర ఒక పట్టు రుమాలంత కూడా ఉండదు. పైగా సముద్రంలో చచ్చిన పగడం పనికిరాని చెత్త కాదు. కొత్తగా పుట్టిన పగడపు పిల్లలు వచ్చి అతుక్కునేది ఆ పాత అస్థిపంజరం మీదే. అది అరిగితే ఇసుక అవుతుంది, దీవి అవుతుంది. తమిళనాడు వైపు మన్నార్ సింధుశాఖలో సున్నం కోసం, కట్టడాల కోసం ఏళ్ళ తరబడి పగడం తవ్వారు. 21 దీవులున్న ఆ వరసలో రెండు దీవులు నీళ్ళ కిందికి పోయాయి. తవ్వకం అందులో ఒక ముఖ్య కారణం.

మన తీరంలో పగడపు దిబ్బలు లేవు. మా దగ్గరి సముద్రపు ఒడ్డు ఊరు గోపాలపురంలో చిన్నప్పట్నుంచీ సముద్రం చూస్తూ పెరిగినవాళ్ళకి కూడా ఇది ఆశ్చర్యంగా ఉంటుంది. మహానది, ఋషికుల్య, వంశధార, నాగావళి, ఇంకా కిందికి పోతే గోదావరి, ఇన్ని నదులు బంగాళాఖాతంలోకి మంచినీళ్ళూ ఒండ్రూ పోస్తూ ఉంటాయి. పగడానికి తేటనీరు కావాలి, వెలుతురు కావాలి, ఉప్పదనం మారకుండా ఉండాలి. ఆ మూడూ ఇక్కడ కుదరవు. దేశంలో దిబ్బలున్నవి అండమాన్ నికోబార్, లక్షద్వీప్, మన్నార్ సింధుశాఖ, పాక్ అఖాతం, కచ్ సింధుశాఖల్లో. కాబట్టి గంజాం జిల్లాలో మీకు ఎవరైనా పగడం అమ్మితే అది ఎక్కడో కోసి ఇక్కడికి మోసుకొచ్చినదే. మన ఒడ్డుకి కొట్టుకొచ్చింది అనే కథ నమ్మకండి.

ఇక అసలు విషయం. ఇంట్లో దిబ్బ నిజమైనదానిలా ఉండాలంటే ఏం ఉండాలి? ఎరుపు, ఊదా, ఆకుపచ్చ రంగుల్లో రెసిన్ బొమ్మ పగడాలు దొరుకుతాయి. అవి పెట్టిన తొట్టె దూరం నుంచి పండుగ పందిట్లా వెలిగిపోతుంది. కానీ లక్షద్వీప్ నీటి అడుగున తీసిన వీడియో ఏదైనా పెట్టుకుని, రంగుల చేపల మీంచి చూపు తీసి వెనక ఉన్నదాన్ని చూడండి. ఎక్కువ భాగం బూడిద, మట్టి రంగుల రాయి. పైన వెలుతురు తగిలేచోట ఒక రకం, కింద నీడలో ఇంకో రకం. అడుగు భాగం కోసుకుపోయి పైభాగం బయటికి వాలి ఉంటుంది. ఎటు చూసినా సందులు, బొరియలు, చీకటి. ఆ చీకట్లోనే జీవం ఉంటుంది. నా లెక్కలో నిజంలా ఉండటం అంటే చేప దాన్ని ఇల్లుగా వాడుకోగలగడం, నీరు దాని గుండా పోగలగడం, సూక్ష్మజీవులు దాని లోపల కాపురం పెట్టగలగడం. ఈ మూడూ జరిగితే కంటికి కూడా అదే నిజంలా కనిపిస్తుంది. ఇవి లేకుండా ఎన్ని రంగులు వేసినా కొన్నాళ్ళకి నాచు పట్టిన ప్లాస్టిక్కే మిగులుతుంది.

చేప సంగతే తీసుకోండి. డామ్సెల్ జాతి చేపలు ఒక్కొక్కటీ ఒక్కో బొరియని సొంతం చేసుకుని దానికోసం పోట్లాడతాయి. బొరియలు తక్కువై, ఈ చివర నుంచి ఆ చివరకి ఒకదానికొకటి కనిపిస్తూ ఉంటే బలహీనమైనది మూలకి నక్కి, తిండి మానేసి చచ్చిపోతుంది. దాన్ని చూసి జబ్బు అనుకుని మందు పోస్తారు. అది జబ్బు కాదు, ఇల్లు లేకపోవడం. అందుకని చేపల కంటే బొరియలు ఎక్కువ ఉండాలి. ప్రతి బొరియకీ రెండు దారులుండాలి, ఒక దారిలో శత్రువు వస్తే ఇంకో దారిలో పారిపోవడానికి. మధ్యలో చూపుకి అడ్డుపడే గోడలు రావాలి. కార్డినల్ చేపలు పగలంతా చూరు కింద గుంపుగా నిలబడి రాత్రి బయటికి వస్తాయి, వాటికి వెడల్పాటి నీడ కావాలి. గోబీ చేప, పిస్టల్ రొయ్య కలిసి ఒకే కన్నంలో ఉంటాయి. రొయ్య తవ్వుతుంది, గోబీ కాపలా కాస్తుంది. ఇసుక మీద రాళ్ళు పేరిస్తే ఆ రొయ్య తవ్వి తవ్వి గుట్టనే కూలుస్తుంది. కాబట్టి దిబ్బ కాళ్ళు నేరుగా గాజు అడుగున ఆనాలి, తర్వాతే ఇసుక పొయ్యాలి. గాజుకీ రాతికీ మధ్య నేరుగా బరువు పడకుండా పల్చటి ప్లాస్టిక్ జాలీ ముక్క వెయ్యండి.

ఇంక దేంతో కట్టాలి? మన తూర్పు కనుమల రాయి వద్దు. ఇక్కడ కొండల్లో దొరికేది ఎక్కువగా ఖొండలైట్, చార్నొకైట్. గుళ్ళు కట్టడానికి గొప్ప రాయే, కోణార్క్‌లో వాడింది ఖొండలైటే. కానీ అది బరువు, లోపల రంధ్రాలు లేవు, కాల్షియం ఇవ్వదు, కొన్నిట్లో ఇనుము ఉంటుంది. పాలియురిథేన్ ఫోమ్‌ని గొట్టాల చట్రం మీద చల్లి, పైన ఎపాక్సీ, ఇసుక పూసి చేసేవాళ్ళున్నారు. చూడ్డానికి చాలా బాగా వస్తుంది. కానీ అది తేలుతుంది, గాజుకి అతికించి ఉంచాలి, లోపల సూక్ష్మజీవులకి చోటు ఉండదు. వెనక గోడకైతే సరే, దిబ్బకి నాకు నచ్చదు.

ఒడ్డు ఇసుక గురించి ఒక మాట, ఎందుకంటే ఇది అందరూ అడుగుతారు. గోపాలపురం పక్కనే, ఉచితంగా ఉంది కదా అని తెచ్చి తొట్టెలో పోస్తారు. మన ఇసుకలో ఇల్మెనైట్, గార్నెట్, జిర్కాన్, మోనజైట్ లాంటి బరువైన ఖనిజాలుంటాయి. ఛత్రపురం దగ్గర ఐఆర్ఈఎల్ (ఇలాంటి ఖనిజాలు తీసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వాళ్ళ కర్మాగారం ఉన్నదే వాటి కోసం. ఆ నల్ల రేణువులు గాజు తుడిచే అయస్కాంతానికి పట్టుకుని అద్దం మీద గీతలు పెడతాయి. పంపు అయస్కాంతం లోపలికీ చేరతాయి. మోనజైట్‌లో థోరియం ఉంటుంది. అరగనైట్ ఇసుక (కాల్షియం కార్బొనేట్‌తో ఏర్పడిన తెల్ల ఇసుక) కొనుక్కోండి, ఆ డబ్బు వృథా కాదు.

నేను ఎంచుకున్నది సిమెంటు. ఒక పాలు తెల్ల సిమెంటు, రెండు పాళ్ళు చిప్పల గ్రిట్, రెండు పాళ్ళు కల్లుప్పు. గ్రిట్ కోళ్ళ దాణా కొట్లో బస్తాల్లెక్కన దొరుకుతుంది, పెట్టలకి గుడ్డుపెంకు గట్టిగా రావడానికి పెట్టేదే. రెండుమూడు సార్లు కడిగి ఎండబెట్టాలి. ఉప్పు మన హుమ్మ ఉప్పుమళ్ళ కల్లుప్పు సరిపోతుంది, అయోడిన్ కలిపిన పొడి ఉప్పు వద్దు. తెల్ల సిమెంటు అడిగితే కొందరు వాల్ పుట్టీ ఇస్తారు. సంచి మీద చదివి తీసుకోండి, పుట్టీలో పాలిమర్లు ఉంటాయి, అది నీళ్ళలో చేపల పక్కన పెట్టేది కాదు. లోపల ఊతానికి ఇనుప చువ్వ పెట్టకండి, తుప్పు పట్టి పగులుతుంది. పీవీసీ గొట్టం ముక్కలో ఫైబర్ గ్లాస్ కడ్డీలో చాలు.

మా వీధి తాపీ మేస్త్రి నేను కలుపుతున్నది చూసి ఆగిపోయాడు.

"ఏటి బాబూ, సిమెంటులో ఉప్పేటి? గోడ నిలుస్తాదా?"

"గోడ కాదు మేస్త్రీ, రాయి. నీళ్ళలో పడ్డాక ఉప్పు కరిగిపోవాలి, బొక్కలు మిగలాలి."

ఆయన కాసేపు చూసి, తట్ట నా చేతిలోంచి లాక్కున్నాడు. "అయితే నీరు తగ్గించండి. ఇంత జారుగా ఉంటే ఉప్పు ఇప్పుడే కరిగిపోతాది, బొక్కలు ఎక్కడ మిగుల్తాయి?" అన్నాడు. నిజమే చెప్పాడు. ఇంటర్నెట్‌లో చూసిన ఏ వీడియోలోనూ నాకు ఈ సంగతి ఇంత సూటిగా దొరకలేదు. సున్నుండ కట్టడానికి పిండిలో ఎంత తడి ఉండాలో అంతే ఉండాలి. పిడికిట్లో పడితే నిలవాలి, వేళ్ళ మధ్య నుంచి నీరు కారకూడదు.

పోత ఇలా. పెద్ద ప్లాస్టిక్ టబ్బులో తడి ఇసుక నింపాలి, ఇది మామూలు కట్టుబడి ఇసుకే. అందులో చేత్తో గుంట తవ్వాలి. గుంట ఆకారమే రాతి ఆకారం, కాబట్టి అంచులు నున్నగా చెయ్యకుండా వేళ్ళతో పొడిచి, గీకి, అక్కడక్కడా తడి ఇసుక ముద్దలు నిలబెట్టాలి. ఆ ముద్దలున్న చోట రాతిలో కన్నం వస్తుంది. అటూ ఇటూ తగిలేలా ఇసుక స్తంభం నిలబెడితే రెండు దారుల బొరియ వస్తుంది. మిశ్రమాన్ని పిడికెడు పిడికెడుగా పడెయ్యాలి, అదమకూడదు. అదిమితే గాలి సందులు పోతాయి. పైన మళ్ళీ తడి ఇసుక కప్పి ఒకటి రెండు రోజులు వదిలెయ్యాలి. తీసేటప్పుడు తొందర వద్దు, ఆ దశలో అది బిస్కట్టులా విరుగుతుంది. చుట్టూ ఇసుక చేత్తో తోడి, రెండు అరచేతులూ కిందికి పోనిచ్చి లేపాలి. మొదట అంతా ఇసుక అతుక్కుని మట్టిగడ్డలా కనిపిస్తుంది. మెత్తటి బ్రష్‌తో దులుపుతూ పోతే ఒక పక్కన ఉప్పు గళ్ళు మెరుస్తూ బయటపడతాయి, ఇంకో పక్కన చిప్ప ముక్క అంచు కనిపిస్తుంది, ఇసుక స్తంభం రాలిపోయి అవతలి వెలుగు కన్నంలోంచి వస్తుంది. అక్కడ నాకు కలిగే సంతోషం ఏ షాపులోనూ దొరకదు.

తర్వాత తడి గోనె సంచి కప్పి ఒక వారం. ఆ తర్వాత మంచినీళ్ళ డ్రమ్ములోకి. ఇక్కడే చాలామంది ఓపిక పోగొట్టుకుంటారు. సిమెంటు గట్టిపడేటప్పుడు కాల్షియం హైడ్రాక్సైడ్ వదులుతుంది, ఆ నీటి పీహెచ్ 12 దాటుతుంది. ఉప్పునీటి తొట్టెలో అది 8.1 నుంచి 8.4 మధ్య ఉండాలి. ఆ రాయిని అలాగే తొట్టెలో పెడితే చేపల మొప్పలు కాలిపోతాయి. రెండుమూడు రోజులకోసారి నీళ్ళు మార్చాలి. ఉప్పు కూడా ఈ నీళ్ళతోనే కరిగి పోతుంది. నెలన్నర, రెండు నెలలు పట్టొచ్చు. క్యాలెండర్ చూసి నిర్ణయించొద్దు. మార్చిన నీళ్ళలో రాయిని మూడు రోజులు కదపకుండా ఉంచి పీహెచ్ కొలవండి, 8.5 దాటకపోతే అయినట్టు. ఆ డ్రమ్ము నీళ్ళలో ఒట్టి చేతులు పెట్టకండి, చర్మం పగులుతుంది. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

పేర్చడంలో నాది ఒకటే పట్టుదల: తొట్టెలో సగం కంటే ఎక్కువ ఖాళీగా ఉండాలి. రాయి ఎక్కువైతే దిబ్బ కాదు, గోడ అవుతుంది. గాజుకీ రాతికీ మధ్య నాలుగంగుళాలు వదలకపోతే తుడవడానికి చెయ్యి పోదు. దిబ్బ వెనక నీరు ఆగిపోతే చెత్త పేరుకుని నైట్రేట్ అనే మలినం పెరుగుతుంది, అందుకని వెనక నుంచి ముందుకి కనీసం ఒక సొరంగం ఉండాలి, వేవ్‌మేకర్ (తొట్టెలో నీటిని తోసే పంపు) తోపు దానికి తగలాలి. ముక్కల్ని ఫైబర్ గ్లాస్ కడ్డీలు గుచ్చి, అక్వేరియం ఎపాక్సీతో కలిపితే పైకి తేలికగా వంగిన చూరు లాంటి ఆకారం నిలబడుతుంది. ఎండ పైనుంచి వచ్చినట్టు ఒకే పక్క దీపం పెట్టండి, నీడలు తామే ఏర్పడతాయి. రంగు మాత్రం వెయ్యొద్దు. రంగు కాలం వేస్తుంది.

అది ఎలాగంటే, కొరలైన్ ఆల్గే. సున్నపు పొర కట్టుకుంటూ రాయి మీద ఊదా, గులాబీ మచ్చల్లా పాకే నాచు అది. అసలు సముద్రంలో దిబ్బ ముక్కల్ని ఒకదానికొకటి అతికించే పని చేసేవాటిలో అదీ ఒకటి. కాల్షియం 400 నుంచి 450, మెగ్నీషియం 1250 నుంచి 1350 పీపీఎం, ఆల్కలినిటీ (నీరు ఆమ్లాన్ని తట్టుకునే శక్తి) 8 డీకేహెచ్ (దాని కొలత) దగ్గర నిలకడగా ఉంటే కొన్ని నెలల్లో సిమెంటు బూడిదరంగు మాయమవుతుంది. అప్పటిదాకా బ్రౌన్ నాచు, పచ్చ నాచు వరసగా వచ్చి పోతాయి. టెన్షన్ పడి మందులు పొయ్యకండి.

రాయి లోపలి సంగతి కంటికి కనిపించదు కానీ అసలు బలం అదే. చేప విసర్జించే అమ్మోనియాని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. ఇవి రాయి పైపొరల్లో ఉంటాయి. ఇంకా లోపల, ఆక్సిజన్ అందని సందుల్లో ఉండేవి నైట్రేట్‌ని నైట్రోజన్ వాయువుగా మార్చి బయటికి పంపేస్తాయి. ఉప్పు కరిగి మిగిల్చిన సందులన్నీ వీటికే. నిజం చెప్పాలంటే సిమెంటు రాతి లోపలి సందులు అసలు పగడపు రాతిలో ఉన్నంత సన్నగా, అంత లోతుగా ఉండవు. అందుకే నేను సంప్‌లో (నీరు వడకట్టే పక్క తొట్టెలో) సిరామిక్ మీడియా, అంటే బ్యాక్టీరియాకి చోటిచ్చే రంధ్రాల పింగాణీ ముక్కలు, కూడా పెట్టాను. చేప వెయ్యకముందు నాలుగైదు వారాలు అమ్మోనియా పోసి ఈ చక్రం నడవనివ్వాలి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపిస్తేనే మొదటి చేప.

మన ఊరికి సంబంధించిన కష్టాలు రెండు. ఒకటి ఎండ. నీరు 25 నుంచి 27 డిగ్రీల్లో ఉండాలి. ఫ్యాను పెట్టి చల్లార్చే పద్ధతి పొడి ఊళ్ళలో పనిచేస్తుంది, మన తీరపు ఉక్కలో నీరు అంతగా ఆవిరవదు, చిల్లర్ (నీటిని చల్లబరిచే యంత్రం) తప్పదు. రెండోది తుపాను. 2013 అక్టోబరు 12న పైలిన్ గోపాలపురం దగ్గరే తీరం దాటింది, కరెంటు ఎన్ని రోజులు లేదో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. 2018లో తిత్లీ. నీరు కదలకపోతే ఆక్సిజన్ అందక చేపలూ చస్తాయి, రాతిలోని ఆ బ్యాక్టీరియా కూడా చస్తుంది. తక్కువ వాటేజి డీసీ వేవ్‌మేకర్ ఒక్కటి ఇన్వర్టర్ మీద పెట్టండి, లైటూ చిల్లరూ ఆగినా ఫర్వాలేదు. బ్యాటరీ ఎయిర్ పంపు అదనంగా ఉంచుకోండి. ఒడ్డు నుంచి నీళ్ళు తెచ్చుకోవచ్చా అని అడిగేవాళ్ళకి, వద్దు. వానాకాలం తర్వాత మన దగ్గర సముద్రం ఉప్పదనం బాగా పడిపోతుంది, బురద ఎక్కువ. ఆర్ఓ నీటిలో సింథటిక్ ఉప్పు కలిపి 1.025 సాంద్రత చూసుకోండి.

మళ్ళీ "డూప్లికేట్" అన్న మాట దగ్గరికి వస్తాను. మన్నార్ సింధుశాఖలో కోసుకుపోతున్న వాన్ దీవి చుట్టూ 2015 నుంచి సముద్రంలోకి దించింది కాంక్రీటు దిబ్బలనే. అలల దెబ్బ తగ్గించడానికి, పగడం మళ్ళీ పట్టుకోవడానికి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ తీరంలో దించే కృత్రిమ దిబ్బల్లో త్రికోణాలు, బావి వరల ఆకారాలు ఉంటాయి. వాటి మీద చేపలు చేరుతున్నాయి, చిన్న పడవల మత్స్యకారులు వాటి దగ్గర గాలం వేస్తున్నారు. మన గోపాలపురం, పొడంపేట జాలర్లని అడగండి, మునిగిన పడవ దగ్గర, రాళ్ళున్న చోట చేప ఎందుకు నిలుస్తుందో వాళ్ళు మీకు చెప్తారు. ఆ రాయి ఎవరు చేశారని చేప అడగదు. చాటుందా, తిండుందా, పారిపోయే దారుందా అని చూసుకుంటుంది. సముద్రంలో కాంక్రీటు దిబ్బని నిజమైన దిబ్బగా ఒప్పుకున్నప్పుడు తొట్టెలో సిమెంటు దిబ్బని తక్కువగా చూడ్డానికి కారణం నాకు కనిపించదు. తక్కువగా చూడాల్సింది అండమాన్ నుంచి విరిచి తెచ్చిన కొమ్మని.

చేపల విషయంలో కూడా ఇదే వరస పాటిస్తాను. క్లౌన్ చేపల్ని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు బందీగా పెంచి పిల్లలు తీయించారు, ఇప్పుడు హేచరీ చేపలు దొరుకుతున్నాయి. అమ్మేవాణ్ణి "హేచరీదా, పట్టినదా" అని అడిగి, హేచరీది ఉంటేనే తీసుకుంటాను. దానికి అనిమోన్ (సముద్రంలో ఆ చేప ఆశ్రయం తీసుకునే పువ్వులాంటి జీవి) కూడా అక్కర్లేదు. మా ఇంట్లో జంట దిబ్బ ఎడమ పక్క చూరు కింద, మేస్త్రి నీరు తగ్గించి పోసిన ముక్క మీద, చోటు తుడుచుకుని గుడ్లు పెడుతోంది.

ఇచ్ఛాపురం, పలాస, పర్లాకిమిడి, ఛత్రపురం చుట్టుపక్కల ఎవరైనా ఇలాంటి దిబ్బ కడుతుంటే కొరలైన్ ఆల్గే నేనిస్తాను. మా వెనక గాజు మీంచి గీకి సీసాలో పోసిస్తాను, డబ్బులేం వద్దు. లీటరు ప్లాస్టిక్ సీసా తెచ్చుకోండి, అదే రోజు ఇంటికి తీసుకెళ్ళి వేవ్‌మేకర్ ముందు పొయ్యండి. మీ నీటి ఆల్కలినిటీ, కాల్షియం ముందే కొలుచుకుని రండి, పై లెక్కల్లో లేకపోతే వారం ఆగి సరిచేసుకుని అప్పుడు రండి.